పెదవి తాకిన మసికుంచె

ఈ ఉదయం మా వంటింట్లో చింతగింజల అంబలి ఉడికింది. వేయించిన గింజల కమ్మదనమూ, వానకు తడిసిన గోనెసంచి ముక్కవాసనా కలిసినట్టుండే ఆ వాసన మెట్ల మీదుగా కిందికి దిగితే, కింది వాటాలోని కోడలు పిల్ల తలుపు తీసి ఏం మాడిందని మరాఠీలో అడిగింది. ఏమీ మాడలేదని చెప్పాను. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ అంబలి కాచడానికి కారణం మా నాయన చివరగా రాసిన పటం. చెక్కపెట్టెలో ఎర్రగుడ్డ చుట్టి ఉంచిన ఆ పటానికి కింది అంచున పురుగు పట్టింది. నాయన ఏ జిగురుతో ఆ గుడ్డను పటంగా మలిచాడో దానితోనే అంచు అతికించాలని, బజారులో దొరికే తెల్ల జిగురు దాని దరికి రానీయకూడదని నా పట్టుదల.

పటం సంగతి ఇప్పుడెందుకు వచ్చిందో కూడా రాయాలి. నేను చిన్నప్పుడు చదివిన రాజురా బడివాళ్లు ఏదో ఉత్సవం చేస్తున్నారు. పోయిన వారం ఆ ఉత్సవం పెద్దమనిషి ఒకాయన చంద్రపూర్‌లోని మా ఇంటికి వచ్చి, మా నాయన పటాన్ని హాలులో వేలాడదీస్తామని, అయితే అందులోని మనుషులెవరికీ కళ్లు లేవు గనుక, నేనూ చిత్రకారిణినే గనుక, తీరిక చూసుకుని కళ్లు పెట్టి ఇమ్మని అడిగాడు. ఆరోజు తాను చదవబోయే ఉపన్యాసం కూడా వినిపించాడు. అందులో మా నాయన పేరు ముందు "డ్రాయింగ్ పరీక్ష తప్పి కొలువు పోగొట్టుకున్న మాస్టారు" అని ఉంది. ఆయన దానిని జాలిగానే చదివాడు. జాలిపడినంత మాత్రాన తప్పు ఒప్పు కాదు. చూసినదాన్ని చూసినట్టు రాసిపెట్టుకోవడం నాకు చిన్ననాటి అలవాటు. ఏ రంగులో ఎంత బంక కలిపిందీ నాయన నాచేతనే రాయించేవాడు. కాబట్టి ఆ పరీక్ష సంగతి కూడా, ఆ గదిలో కూర్చుని చూసినదాన్ని గనుక, వరుస తప్పకుండా రాస్తున్నాను.

మాది నకాశీ ఇల్లు, తరతరాలుగా బొమ్మలు రాసేవాళ్లం. తాతల నాడు నిర్మల్ వైపు నుంచి వచ్చి రాజురాలో నిలిచిపోయిన కుటుంబం. ఊరు అప్పుడు హైదరాబాద్ రాజ్యంలోని ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. వర్ధా నది దాటితే వేరే రాజ్యం, వేరే కచేరీలు, వేరే భాష. మా వసారాలో చలికాలమంతా ఎండపొడ పడేచోట గుడ్డ పరిచి ఉండేది. బాపమ్మ, అంటే మా నాయన తల్లి, నానబెట్టిన చింతగింజల పొట్టు ఒలిచి రోట్లో రుబ్బేది. ఆ రుబ్బును అంబలిగా కాచి, సుద్ద కలిపి, గుడ్డకు పూసి, ఎండబెట్టి, మళ్లీ పూసి, గులకరాయితో రుద్దితే, గుడ్డ తోలులా బిగిసి వేలితో కొడితే డప్పులా మోగేది. ఇంగిలీకపు ఎరుపు, హరిదళపు పసుపు, నీలిమందు, దీపపు మసితో చేసిన నలుపు కొబ్బరిచిప్పల్లో వరుసగా ఉండేవి. అట్ల వాసనకు పరుగెత్తి వచ్చి, చెయ్యి కడుక్కోకుండా తినబోతే బాపమ్మ చేతి మీద ఒక్కటి వేసేది. హరిదళం విషం. అందుకే మా ఇంట్లో ఒక నియమం ఉండేది: ఏ కుంచే నోటి దరికి రాకూడదు. మొన తీర్చడానికి పెదవికి తాకించదగినది మసికుంచె ఒక్కటే, అదీ కళ్లు పెట్టేటప్పుడు మాత్రమే.

పటాలు రాయించుకునేది ఊరూరా కథలు చెప్పే మేళంవాళ్లు. పత్తి ఇల్లు చేరి, జొన్నలు గాదెకెక్కిన తర్వాత, ఆదిలాబాద్ వైపు నుంచి లక్కడ్‌కోట్ మీదుగా ఆ మేళం ఎద్దుబండిలో దిగేది. వెదురు కర్రకు పటం వేలాడదీసి, పైనుంచి కిందికి ఒక్కొక్క బొమ్మే విప్పుతూ, తాళాలు మోగిస్తూ కథ చెప్పేది. వాళ్లు వచ్చేదాకా పటంలో అన్నీ ఉండేవి, చీరల అంచులూ, గుర్రాల జూలూ, రాజు మీసాలూ, కళ్లు తప్ప. మేళం పెద్ద మా వసారాలోకి వచ్చి పటం ఎదురుగా నిలబడ్డాక, అమ్మ కర్పూరం వెలిగించాక, నాయన మసికుంచెను పెదవికి తాకించి, మొన తీర్చి, ఒక్కొక్క మొహానికి కళ్లు పెట్టేవాడు. ఎవరూ మాట్లాడేవాళ్లు కారు. ఆ తర్వాత అమ్మ బెల్లమన్నం వడ్డించేది. చూసే మనిషి ఎదుట నిలబడితే తప్ప బొమ్మకు చూపు ఇవ్వకూడదన్నది మా ఇంటి పద్ధతి. నాయన దానిని నమ్మకమనీ ఆచారమనీ ఎన్నడూ పేరు పెట్టి చెప్పలేదు. మడక పట్టేవాడికి చాలు తప్పకూడదన్నట్టు, అదొక పనితీరు, అంతే.

బడిలో డ్రాయింగ్ మాస్టరుగా ఆయన ఈ పనితీరునే మాకూ నేర్పాడు. మా తరగతిలో ఉర్దూ మాట్లాడేవాళ్లు, తెలుగువాళ్లు, మరాఠీవాళ్లు కలగలిసి ఉండేవాళ్లం. ఆయన మాటలు తక్కువగా, చెయ్యి ఎక్కువగా వాడేవాడు. కుండ గీయాలంటే ముందు కుండను కళ్లు మూసుకుని తడమమనేవాడు. ఎద్దు గీయాలంటే దాని మూపురం కింద చెయ్యి పెట్టి దాని ఊపిరి చూసి రమ్మనేవాడు. మనుషుల బొమ్మలు గీసిన రోజు, అందరివీ పూర్తయ్యాక, ఆయన బల్లల మధ్య నిలబడి తన మసికుంచెను ఎత్తి పెదవికి తాకించేవాడు. అది చూసి మేమంతా మా కుంచెలను పెదవులకు తాకించేవాళ్లం. అప్పుడే కళ్లు. ఆయన బల్ల బల్లకూ వచ్చి, పెట్టిన కళ్లలోకి తానూ చూసి, "ఆ, సూస్తున్నది" అంటేనే ఆ బొమ్మ అయినట్టు. ఆ సైగ కంటే ముందు కళ్లు పెట్టడం అన్నది మాకు తోచని సంగతి.

యాభై ఆరులో రాష్ట్రాలను భాషల ప్రకారం విడదీసి కలిపినప్పుడు మా ఊరు ఉన్నచోటనే ఉండి వేరే రాష్ట్రానికి వెళ్లింది. ముందు నాందేడ్ జిల్లా అన్నారు. ఆ పేరు నోటికి అలవాటు కాకముందే, ఏటికి ఆవలి చాందా జిల్లా అన్నారు. ఇప్పటి చంద్రపూర్‌కు అప్పటి పేరు చాందా. ఆదిలాబాద్‌లో చదువుకున్న మాస్టర్లు ఆదిలాబాద్ వెళ్లిపోయారు. ఉర్దూ చెప్పే మౌల్వీ సాబు ఒక మధ్యాహ్నం మాకందరికీ తలా ఒక ఖర్జూరం పంచి, మళ్లీ కనిపించలేదు. అందరూ 'సారు' అని పిలిచే మా నాయనను కొత్త హెడ్‌మాస్టరు 'గురూజీ' అని పిలవసాగాడు. ఆయన చెడ్డవాడు కాడు. నాయన దగ్గరున్న ఉర్దూ యోగ్యతాపత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దీనిని నేను చదవలేను, పైవాళ్లు చదవరు అని నిజమే చెప్పాడు.

ఆ సాయంత్రం నాయన కంచం ముందు కూర్చుని, అన్నం కలపకుండా ఆ కబురు చెప్పాడు.

"చాందాల డ్రాయింగు పరీక్ష ఉన్నదట. పిల్లలతోని కలిసి నన్ను గూడ కూసోమంటున్నరు. పాసైతెనే కొలువు."

"ఏం పరీక్ష?" అంది అమ్మ.

"బొమ్మలేసుడొస్తదా, రాదా అని."

బాపమ్మ తమలపాకు నములుతున్నదల్లా ఆపింది. "నీకు బొమ్మలేసుడు రాదని ఎవడన్నడురా? గా మాట నా మొకం మీద అనుమను. నీ చెయ్యి నేను గిట్ల పట్టి దిద్దిచ్చిన."

"నువ్వాగు అత్తా, నువ్వు బొయ్యి కొట్లాడితె కొలువు ఉంటదా?" అని అమ్మ నాయన వైపు తిరిగింది. "పొయ్యి కూసో. నీ రోషమంతా పటం మీద సూపియ్యి, ఆడ గాదు. వచ్చిందే ఏసి రా. నీకు రానిదేమన్న అడుగుతరా ఏంది?"

"కూసుంట," అన్నాడు నాయన. అన్నం కలుపుకున్నాడు. ఆరోజు నుంచి మా ఇంట్లో మాటలు తగ్గాయి. కొబ్బరిచిప్పలు కడిగే చప్పుడు, బాపమ్మ రోలు తిప్పే చప్పుడు మాత్రం పెద్దగా వినిపించేవి. ఆ కొలువు పోతే మా బువ్వ సంగతి ఒకటి. బడిలో డ్రాయింగ్ తరగతి అప్పటి మాదిరిగా ఉండదన్నది రెండోది. ఆ రెండోదే నన్ను ఎక్కువగా భయపెట్టింది.

లక్కడ్‌కోట్ నుంచి వచ్చి మా ఊళ్లో మేనమామ ఇంట్లో ఉండి చదివే శంకర్ అనేవాడు నా పక్క బల్లవాడు. వాడికి ఈ కబురు పండుగలా ఉంది.

"ఏమే, మీ బాపు నా పక్కకే కూసుంటడట. నాది సూసి ఏస్తడేమో."

"నీది సూసి ఏస్తె ఎద్దుకు ఐదు కాళ్లొస్తయి," అన్నాను.

"ఐదో కాలు తోకనే. నీకు తోకకు కాలుకు ఫరక్ తెల్వదు."

నవ్వాడు గానీ, మరునాడు వాడే నాయన కోసం పొలం గట్టున పట్టిన ఉడుత తోక వెంట్రుకలు కాగితంలో చుట్టి తెచ్చి, నా చేతిలో పెట్టి, కొత్త కుంచె కట్టుకోమని చెప్పమన్నాడు. నాకిచ్చేటప్పుడు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

పోలా అమావాస్య ఆ పరీక్షకు ముందే వచ్చింది. ఎద్దులను ఏటి పాయలో కడిగి, నూనె రాసి, కొమ్ములకు రంగులు వేయించడానికి రైతులు మా వాకిట్లోకి తోలుకుని వచ్చేవాళ్లు. ప్రతి ఏడూ నాయన ఎద్దు పక్కటెముకల మీద నెమలినో, గుర్రపువాడినో గీసి, ఎద్దు యజమానిని ఎదురుగా నిలబెట్టి కళ్లు పెట్టేవాడు. ఆ ఏడు కొమ్ములకు రంగు వేసి ఊరుకున్నాడు. గడప గడపకూ పోలెలు కాల్చిన నెయ్యి వాసన, పప్పు ఉడికిన బెల్లం వాసన, మువ్వల చప్పుడు, వాన తెరిపి ఇచ్చినప్పుడల్లా లేచే పేడ ఆవిరి. నాయన ఒక్క పోలె తుంచి పెట్టుకుని, మెల్లగా నములుతూ, ఏటి వైపే చూస్తూ కూర్చున్నాడు. వర్ధా పొంగి ఉంది.

పరీక్ష నాటి పొద్దున ఎద్దుబండిలో ఏటి ఒడ్డుకు వెళ్లాం. నీళ్లు బురదరంగులో, చెట్ల కొమ్మలను దొర్లించుకుంటూ పోతున్నాయి. పడవవాడు రెండు మాట్లు రానన్నాడు. నాయన తన రంగుల పెట్టెను తలగుడ్డలో కట్టి నా ఒడిలో పెట్టి, పిల్లలను మధ్యలో కూర్చోబెట్టి, తాను అంచున కూర్చున్నాడు. ఎలాగో ఆవలి ఒడ్డుకు చేరాం. అక్కడినుంచి బల్లార్షా, బల్లార్షా నుంచి రైల్లో చాందా. కోటగోడ పక్కనుంచి నడిచి పరీక్ష జరిగే బడికి చేరేసరికి మా కాళ్లకు ఏటి బురద ఎండి తెల్లబడింది.

పిల్లల కోసం చేసిన బల్లలు అవి. నాయన మోకాళ్లు బల్ల కిందికి పట్టక, ఆయన పక్కకు ఒరిగి, ఒక కాలు బయటికి చాచి కూర్చున్నాడు. చాందా పిల్లలు ఇద్దరు ఆయన నెరిసిన జుట్టును చూసి ఒకరినొకరు పొడుచుకుని నవ్వుకున్నారు. పర్యవేక్షకుడు, నల్లకోటు తొడుక్కున్న ఒక పెద్దాయన, చేతి పత్రంలో పేరు చూసి, మనిషిని చూసి, మళ్లీ పేరు చూసి, కాగితం ఇచ్చాడు. ఉదయం పాత్రలూ, రేఖాగణితమూ గడిచిపోయాయి. మధ్యాహ్నం జ్ఞాపకం మీద చిత్రం. అంశం: వారపు సంత.

నేను నాయనకు వెనుక వరుసలో, కొంచెం పక్కగా కూర్చున్నాను. ఆయన భుజం మీదుగా కాగితం కనబడుతున్నది. అందరూ కూరగాయల గంపలు గీస్తుంటే, ఆయన సంతలో ఒక మూల పటం విప్పుతున్న మేళాన్ని, దాని ముందు చేరిన జనాన్ని గీశాడు. ఆడవాళ్లు, నెత్తిన మూటలతో రైతులు, తండ్రి భుజమెక్కిన పిల్ల. పటంలో పటం. ఇంగిలీకం లేకపోయినా, రంగుబిళ్లలతోనే ఆ ఎరుపు తెచ్చాడు. ఎవరికీ కళ్లు లేవు.

మా బొమ్మలకూ లేవు. తల ఎత్తి చూశాను. శంకర్ కాగితంలో గొర్రెలవాడికి కళ్లు లేవు, వాడి పక్కవాడి గాజులామెకు లేవు, మా బడి వరుసంతా కళ్లు లేని సంతలే. అందరివీ అయిపోయాయి. అందరూ కుంచెలు కడిగి, చేతులు ఒళ్లో పెట్టుకుని, నాయన వీపు వైపు చూస్తూ కూర్చున్నారు. బడిలో ప్రతిసారీ చేసినట్టే ఎదురుచూస్తున్నారు. నాయన కిటికీలోంచి కోటగోడ మీది గడ్డిని చూస్తున్నాడు. మాట్లాడటానికి వీల్లేదు, ఆయన ఇక్కడ మాస్టరు కాదు, మాలాగే పరీక్షకు వచ్చినవాడు. గంట ఒకసారి మోగింది. ఇక కొద్దిసేపే ఉందన్నమాట.

పర్యవేక్షకుడు మా వరుసలోకి వచ్చాడు. ఒక్కొక్క కాగితం మీదా వంగి, నుదురు ముడిచి, ముందుకు వచ్చి నాయన దగ్గర ఆగి, నిజంగా మంచి మనసుతోనే మెల్లగా, "గురూజీ, డోళే రాహిలే" అన్నాడు. కళ్లు మిగిలిపోయాయని.

నాయన తల ఊపాడు. అప్పుడు, పర్యవేక్షకుడు వచ్చిన వైపుగా వెనక్కి తిరిగి, మా వరుసను చూశాడు. తన పిల్లలందరూ తనకోసమే ఆగి ఉన్నారన్నది ఆయనకు ఆ క్షణం దాకా తోచలేదని ఆ మొహం చూసి నాకు అర్థమైంది. గబగబా తిరిగి, కుంచె కడిగి, నలుపులో ముంచి, అందరికీ కనబడేటంత ఎత్తున ఎత్తి, పెదవికి తాకించాడు.

వరుసంతటా కుంచెలు లేచాయి. నేను నా కూరగాయల ముసలమ్మకు కళ్లు పెట్టాను. నల్లకోటాయన ఏమి జరుగుతున్నదో తెలియక నిలబడిపోయాడు. అందరి కళ్లూ అయ్యేదాకా నాయన వెనక్కి తిరిగి మా కాగితాలనే చూశాడు, బల్ల బల్లకూ రాలేకపోయినా. ఆ తర్వాత ముందుకు తిరిగి, మసి ఆరకుండానే కుంచెను నీళ్లలో ముంచి కడిగి, గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టాడు. తన కాగితం మీద చెయ్యి కూడా పెట్టలేదు. చివరి గంట మోగింది.

తిరుగు ప్రయాణంలో, పడవలో, మిగిలిన పిల్లలు చాందా బజారులో కొన్న శనగలు తింటుంటే, ఆయన పక్కకు చేరి అడిగాను.

"నీ బొమ్మకెందుకు పెట్టలేదు బాపూ? గంట గొట్టెదాంక యాళ్ల ఉండె గద."

"ఉండె."

"మరి?"

ఆయన నీళ్లలో చెయ్యి పెట్టి, గోళ్లలోని నలుపు కడుక్కున్నాడు. "మీయి సూసెతందుకు నేనున్న. నాది సూసెటోడు ఎవడున్నడు బిడ్డా గాడ? తూకమేసెటోడే ఉండె."

"నేను లేనా?"

"నువ్వు పరీక్ష రాస్తున్నవనుకున్న," అన్నాడు. అని, నవ్వాడు. "తల లేపి నా దిక్కు సూస్తవని నాకేం ఎర్క?"

ఫలితాలు వచ్చినప్పుడు మా బడి పిల్లలందరూ ఉత్తీర్ణులయ్యారు. శంకర్ కూడా. నాయన పేరు లేదు. కళ్లు లేనందుకే తప్పించారో, మరి దేనికో, నాకు తెలియదు, తెలియనిదాన్ని రాయను. ఆయన స్థానంలో పరీక్ష పాసైన కాగితం ఉన్న మరొకాయన వచ్చాడు. ఆయన మంచి రేఖాగణితం చెప్పాడు. మనుషుల బొమ్మలు గీసిన రోజున మాలో ఎవరమూ కళ్లు పెట్టకుండా కూర్చుంటే, మొండి పిల్లలని హెడ్‌మాస్టరుకు చెప్పాడు. అమ్మ చాలా రోజులు నాయనతో సరిగా మాట్లాడలేదు. తర్వాత ఒకనాడు తనే చింతగింజలు నానబెట్టి బాపమ్మ ముందు పెట్టింది. నాయన మా వసారాలో, వచ్చిన వాళ్లకల్లా నేర్పుతూ, ఎద్దుల కొమ్ములకు రంగులు వేస్తూ, పటాలు రాస్తూ గడిపాడు. మొదట్లో పదిమంది పిల్లలైనా వచ్చేవాళ్లు. శంకర్ బడి మానేదాకా వచ్చాడు.

ఒక మాట మాత్రం ఆ ఉత్సవంవాళ్లకు చెప్పి తీరాలి. నాయన సైగ చేసి నా చేత రాయించిన ఆ పరీక్షే నా మొదటి యోగ్యతాపత్రం. దాని బలం మీదే పై పరీక్షలు రాశాను, చంద్రపూర్ బడుల్లో తలనెరిసేదాకా డ్రాయింగ్ చెప్పాను. నేను పాసైన కాగితం, ఆయన తప్పిన కాగితం ఒకే గదిలో, ఒకే మధ్యాహ్నం, ఒకే చేతి సైగ మీద తయారైనవి. తప్పిన మాస్టారు అని రాసేవాళ్లు ఆ సైగను కూడా రాయాలి. రాయకపోతే అది అబద్ధం.

నాయన రాసిన చివరి పటానికి మేళం రాలేదు. మేళం పెద్ద పోయాడు. కొడుకులు బొగ్గుగనుల్లో పనికి కుదిరారు. ఇటు ఊళ్లలో పిల్లలు మరాఠీ బడికి అలవాటుపడి తెలుగు కథకు కూర్చోవడం తగ్గింది. పటం ఎర్రగుడ్డలో చుట్టి ఉండిపోయింది. నాయన చివరి చలికాలంలో ఒకసారి దానిని విప్పించి, పరిశీలించి, మళ్లీ చుట్టమన్నాడు. నన్ను కళ్లు పెట్టమనలేదు, పెట్టవద్దనీ అనలేదు. ఇప్పుడు ఇంగిలీకం అమ్మేవాళ్లు లేరు. ఉడుత వెంట్రుకల కుంచె కట్టేవాళ్లు లేరు. నా దగ్గరికి వచ్చే పిల్లలు సెల్‌ఫోన్‌లో బొమ్మ చూస్తూ మొట్టమొదట కళ్లే గీస్తారు, అవి బాగా వస్తే మొహం దానంతట అదే వస్తుందట. నేను వద్దంటే, "అసం నస్తం ఆజీ" అని, అలా ఉండదు అవ్వా అని, నాకే నేర్పుతారు.

ఈ మధ్యాహ్నం ఉత్సవం పెద్దమనిషి ఫోన్ చేశాడు. కళ్లు పూర్తయ్యాయా అని అడిగాడు. ఉపన్యాసంలో ఆ వాక్యం తీసేశారా అని నేనడిగాను. చూస్తామన్నాడు. పటం ఎదుట కూర్చుని దాని కథ వినేవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లను తీసుకురండి, వాళ్ల ముందే పెడతాను అన్నాను. కార్యక్రమంలో అంత సమయం లేదు మేడమ్, గోడకు వేలాడదీసి ఫోటోలు తీస్తాం, అంతే అన్నాడు. అయితే పటం రాదు అని ఫోన్ పెట్టేశాను.

సాయంత్రానికి అంచు అతుక్కుంది. గులకరాయితో మెల్లగా రుద్ది, ఎర్రగుడ్డ చుట్టి, పెట్టెలో పెట్టాను. మిగిలిన అంబలి గిన్నెలో గడ్డకట్టింది, దానిని పారబోశాను. కళ్లకు కావలసిన మసి మాత్రం నూరలేదు.